రాజుల రైలు, దీనదయాళ్ కెమెరా, మూలన నిలబడ్డవాడు

పూడూరులోని మా పాత ఇంట్లో, దేవుడి గూటి పక్కన, చెదలు కొంత తినగా మిగిలిన పటం ఒకటి ఉండేది. నిజాం కాలపు చివరి రోజులలో ఎవరో అధికారి మకాం చేసినప్పుడు తీసినది. నడుమ కుర్చీలో అధికారి, ఆయనకు రెండు వైపులా కచేరీ సిబ్బంది, వెనుక వరుసలో ఊరివాళ్ళు. అట్ట మీద అధికారి పేరూ, ఆయన హోదా ఉర్దూలో అందంగా రాసి ఉన్నాయి. వెనుక వరుసలో ఎడమ చివర, సగం శరీరం పటం అంచుకు తెగిపోయి, తలపాగాతో నిలబడినవాడు మా తాత. ఆ సంగతి మా నాయనమ్మ చెప్పింది కనుక నాకు తెలిసింది. ఆ పక్కన ఉన్న నలుగురెవరో ఆమెనూ అడగవలసింది; అడగలేదు. ఆమె పోయాక ఇక అడగడానికి ఎవరూ లేరు.

రాచపర్యటనల ఛాయాచిత్రాలను గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పటమే కళ్ళ ముందుకు వస్తుంది. ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు అంచుకు తెగిపోతారు, ఎవరి పేరు అట్ట మీదికి ఎక్కుతుంది అన్న ప్రశ్నలు మా ఊరి పటానికి ఎంత వర్తిస్తాయో, చక్రవర్తుల పటాలకూ అంతే వర్తిస్తాయి. ఆ చక్రవర్తుల వారసులు మా దగ్గరనుంచే ప్రయాణించి వెళ్ళారన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా స్ఫురించింది.

మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే వికారాబాదు రావలసిందే. వాడి నుంచి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదుకు వెళ్ళే ఈ మార్గం 1874లో, నిజాం ప్రభుత్వ ధనంతో పడింది. బొంబాయి, మద్రాసుల నడుమ సాగే పెద్ద మార్గాన్ని వాడి దగ్గర కలుపుకోవడం దీని ఉద్దేశం. 1880లలోనూ, 1890లలోనూ బొంబాయి వైపు నుంచి హైదరాబాదుకు రైలులో రావాలంటే ఇదే దారి. కనుక 1889లో విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్, 1893లో ఆస్ట్రియా-హంగరీ సింహాసనానికి వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నాపరాళ్ళ తాండూరును, అనంతగిరి కొండల దిగువనున్న వికారాబాదును దాటుకొనే నగరానికి చేరారు. వికారాబాదు అన్న పేరు సైతం ఫలక్‌నుమా కట్టించిన పాయ్‌గా అమీరు, 1893 నుంచి 1901 దాకా ప్రధానిగా ఉన్న వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చినదే. నగరంలో ఆ అతిథులు దిగిన ప్రతి మేడకూ, తిన్న ప్రతి విందుకూ ఫోటోలున్నాయి. దారిలో కనబడిన ఊళ్ళవి మాత్రం నా కంటబడలేదు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందు ఆ ఫోటోలు తీసినవాళ్ళ వృత్తి ఏమిటో తెలుసుకోవాలి.

ఛాయాగ్రహణం లోకానికి తెలిసింది 1839లో. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికే అది రాచరికంతో వియ్యమందింది. 1860లో విక్టోరియా రాణి పెద్దకొడుకు, వేల్స్ యువరాజు కెనడా వెళ్ళి మాంట్రియల్‌లో విక్టోరియా వంతెనను ప్రారంభించాడు. ఆ వంతెన కడుతున్నప్పుడు ఫోటోలు తీసిన విలియం నోట్‌మన్ అనే స్టూడియో యజమాని తీసిన చిత్రాల సంపుటాన్నే యువరాజుకు కానుకగా ఇచ్చారు. అటుపైన నోట్‌మన్ తన్ను తాను రాణిగారి ఛాయాగ్రాహకుడినని చెప్పుకున్నాడు. ఆ మాటకు అంగడిలో ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అదే ఏడాది రాణి రెండవ కొడుకు ఆల్ఫ్రెడ్, పదహారేళ్ళవాడు, దక్షిణాఫ్రికా తిరిగాడు. ఆ యాత్ర మీద 1861లో కేప్‌టౌన్‌లో వచ్చిన పుస్తకంలో అచ్చుబొమ్మలకు బదులు అసలు ఛాయాచిత్రాలనే పుటలకు అంటించారు. బ్లూమ్‌ఫౌంటైన్ దగ్గర ఆ కుర్రవాడి కోసం ఒక వేట జరిపించారు. సుమారు వెయ్యిమంది బరోలాంగ్ జాతివాళ్ళు మైదానమంతటా పరుచుకొని వేలాది జంతువులను తుపాకుల ముందుకు తోలారు. యువరాజు పేరు చరిత్రలో నిలిచింది. ఆ వెయ్యిమంది చరిత్రలో ఒక అంకెగా మిగిలారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన దేశానికి వచ్చాక మళ్ళీ దీని దగ్గరికే రావలసి ఉంది.

ఈ ఛాయాగ్రాహకులు చాలామంది ప్రభుత్వోద్యోగులు కారు, వ్యాపారులు. స్టూడియో అద్దె, రసాయనాల ఖర్చు, సహాయకుల జీతాలు అన్నీ వాళ్ళు తీసిన బొమ్మల మీదే రావాలి. రాచపర్యటన వాళ్ళకు తిరునాళ్ళ వంటిది. పర్యటనలో ఉన్న దొరలు ఆల్బములు కొంటారు. ఆతిథ్యమిచ్చిన సంస్థానాధీశుడు బంధుమిత్రులకు పంచడానికి ప్రతులు చేయించుకుంటాడు. ఏ విందులోనో చివరి వరుసలో నిలుచున్న చిన్న అధికారి కూడా ఇంగ్లండులోని తల్లికి పంపడానికి ఒక ప్రతి కొనుక్కుంటాడు. కొనేవాడు ఎవరో తెలిశాక బొమ్మలో ఎవరుండాలో తేలిపోతుంది.

1875-76లో అదే వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చాడు. ఆ యాత్రకు సంబంధించిన పెద్ద ఆల్బమును బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ వెలువరించింది. విచిత్రమేమిటంటే, హిమాలయాల చిత్రాలతో ప్రఖ్యాతుడైన ఆ శామ్యూల్ బోర్న్ అప్పటికి అయిదేళ్ళ ముందే ఇంగ్లండు వెళ్ళిపోయాడు. మనిషి లేకపోయినా పేరు వ్యాపారం చేస్తూనే ఉంది.

ఈ యాత్రలో మన హైదరాబాదుకు సంబంధించి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, జరగని ఒక ఘట్టం. యువరాజు బొంబాయిలో దిగుతున్నాడు గనుక దేశంలోని రాజులందరూ అక్కడికి వెళ్ళి స్వాగతం చెప్పాలని ప్రభుత్వం కోరింది. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తొమ్మిదేళ్ళ పసివాడు. పిల్లవాడి ఆరోగ్యం సరిగా లేదు, అంతదూరం పంపడం కుదరదని ప్రధాని సాలార్‌జంగ్ అడ్డుపడ్డాడు. రెసిడెంటు ఒత్తిడి తెచ్చాడు, లేఖలు నడిచాయి, మాటలు ముదిరాయి. చివరకు నిజాం కదలలేదు. కొందరు అమీరులను వెంటబెట్టుకొని సాలార్‌జంగే బొంబాయి వెళ్ళాడు. ఒక పసివాడు రేవులో నిలబడి యువరాజుకు సలాము చేస్తున్న చిత్రం ఆ ఆల్బములలో లేకపోవడం వెనుక ఇంత కథ ఉంది. పట్టుమని పద్నాలుగు నెలలు తిరగకుండానే, 1877 జనవరిలో జరిగిన ఢిల్లీ దర్బారుకు ఆ పిల్లవాడు వెళ్ళక తప్పలేదన్నది వేరే మాట. ఒక బొమ్మలో కనబడడానికి నిరాకరించడం కూడా ఒక రాజనీతి అని సాలార్‌జంగ్‌కు తెలుసు.

ఆ 1875-76 పర్యటనలోనే, బోర్న్ సంస్థ వంటి ఇంగ్లీషు వ్యాపారులకు దూరంగా, ఇండోరులో పనిచేస్తున్న ఒక డ్రాఫ్ట్స్‌మన్ కూడా తన కెమెరాతో యువరాజును పట్టుకున్నాడు. ఆయనే లాలా దీనదయాళ్. ఆయన జీవితచరిత్రలలో కొన్నిచోట్ల, ఆ ఏడాది యువరాజు దంపతులను ఫోటో తీశాడని కనబడుతుంది. అది పొరపాటు. ఆ యాత్రకు భార్య అలెగ్జాండ్రా రాలేదు. రావాలని ఎంతో కోరుకున్నా ఆమెను వెంట తీసుకురాలేదు.

దీనదయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి 1866లో బయటికి వచ్చాడు. ఇండోరులో ప్రభుత్వ నిర్మాణశాఖ కార్యాలయంలో అంచనాలు వేసే పని, నక్షాలు గీసే పని ఆయనది. ముప్పయ్యేళ్ళ వయసులో, 1874 ప్రాంతంలో, కెమెరా పట్టాడు. సెంట్రల్ ఇండియా ఏజెంటు సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించాడు. తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో తన బుందేల్‌ఖండ్ పర్యటనకు వెంట తీసుకువెళ్ళాడు. అక్కడి కోటల, గుళ్ళ చిత్రాలు 1886లో గ్రిఫిన్ పుస్తకంగా వచ్చాయి. నక్షాలు గీసిన చేయి కనుకనేమో, దీనదయాళ్ చిత్రాలలో స్తంభం స్తంభంలాగే నిటారుగా నిలబడుతుంది; మెట్ల వరుస ఎక్కడా ఒరగదు. మనుషులను నిలబెట్టడంలోనూ ఆయనది అదే పద్ధతి. ఎవరి హోదా ఎంతో, ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో, ఎవరు నేల మీద ఉండాలో కట్టడం ప్లానులా తేల్చి పెట్టేవాడు.

1880ల నడుమ ఆయన ఆరవ నిజాం ఆదరణలోకి వచ్చాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో అంతఃపుర స్త్రీల కోసం హైదరాబాదులో వేరుగా ఒక జనానా స్టూడియోను తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టాడు. 1894లో నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదునిచ్చాడు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలసింది. విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడన్న హోదా 1897లో దక్కింది. అరవై దాటిన వయసులో, 1905లో ఆయన మరణించే నాటికి, దక్కనులో కుర్చీలో కూర్చోదగిన ప్రతివాడూ ఆయన కెమెరా ముందు కూర్చున్నాడంటే అతిశయోక్తి కాబోదు.

ఆ పని ఎంత కష్టమో కొంచెం చెప్పుకోవాలి. ఆయన వృత్తిలోకి వచ్చిన రోజులలో గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, ఆ తడి ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడగవలసి ఉండేది. దక్కను ఎండలో తడి ఆరడానికి ఎంతసేపు? అందుచేత కెమెరాతోపాటు చీకటి గుడారమూ, రసాయనాల పెట్టెలూ, నీళ్ళూ వెంట నడవవలసిందే. జెలటిన్ పూసిన పొడి పలకలు 1880లలో అంగడికి వచ్చాక పని తేలికయింది. పలకను ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు, బొమ్మ తీసి ఇంటికి తెచ్చి కడుక్కోవచ్చు. అవి వెలుగును త్వరగా పట్టుకుంటాయి కూడా. కదిలే గుర్రపు దళం, ఊరేగే ఏనుగులు గుర్తించదగినట్టుగా ఫోటోలో పడడం అప్పటినుంచే. ముద్ర తీయడానికి కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని పలకకు అంటించి ఎండలో పెట్టేవాళ్ళు. దొర ముఖం కాగితం మీదికి రావడానికి మన సూర్యుడూ, మన కోళ్ళూ పనిచేయవలసి వచ్చేది.

ఇక ఆ చిత్రాల వరుస ఎంత స్థిరపడిపోయిందంటే, ఒక ఆల్బమును చూసినవాడు రెండవ ఆల్బములో ఏముందో చూడకుండానే చెప్పగలడు. మొదట స్వాగత తోరణం. తరువాత రెసిడెన్సీ మెట్ల మీద గుంపు. ఆపైన చౌమహల్లా దర్బారు, ఏదో ఒక అమీరు మేడలో వెండి పాత్రలతో విందు బల్ల, సైనిక విన్యాసం, గోలకొండ సమాధులు, చివరకు వేట. 1889 మొదట్లో రాణి మూడవ కొడుకు కన్నాట్ డ్యూకు దంపతులు వచ్చారు. ఆ ఏడాది చివర ఆల్బర్ట్ విక్టర్. 1893 జనవరిలో ఫ్రాంజ్ ఫెర్డినాండ్. అతిథులు మారారు, వరుస పెద్దగా మారలేదు. ఆల్బర్ట్ విక్టర్ రాజు కాకుండానే 1892లో జ్వరంతో చనిపోయాడు. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తన యాత్ర దినచర్యను 1895-96లో వియన్నాలో రెండు సంపుటాలుగా అచ్చు వేయించుకున్నాడు. 1914లో సారయెవోలో తుపాకి గుండుకు కూలి ఒక ప్రపంచ యుద్ధానికి కారణమయ్యాడు. దక్కను అడవులలో తుపాకితో నిలబడ్డ ఆ యువకుడి బొమ్మను చూస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుకు రాక మానదు.

అన్నిటికన్నా పేరుకెక్కిన వేట చిత్రాలు 1902 నాటివి. అతిథి రాజవంశీకుడు కాదు గాని రాజప్రతినిధి, లార్డ్ కర్జన్. ఓరుగల్లు దగ్గరి నెక్కొండ అడవుల్లో పులిని చంపి, దాన్ని కాళ్ళ ముందు పరచి, భార్యతో కలిసి నిలబడ్డాడు. దీనదయాళ్ సంస్థ తీసిన ఆ బొమ్మ నేటికీ పుస్తకాలలో కనబడుతుంది. ఆ పర్యటనలో అసలు పని ఏమిటో బొమ్మ చెప్పదు. మార్చి చివర రెసిడెన్సీలో కర్జన్ నిజాంతో ఏకాంతంగా మాట్లాడి బేరారుకు సంబంధించిన ఒప్పందానికి ఒప్పించాడు. కంటింజెంటు సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో ఇంగ్లీషువాళ్ళు తమ చేతుల్లోకి తీసుకున్న ఆ సారవంతమైన ప్రాంతాన్ని తిరిగి తెచ్చుకోవాలని సాలార్‌జంగ్ జీవితమంతా పోరాడాడు. 1902 నవంబరులో అది ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద వెళ్ళిపోయింది. పులి పోయిన సంగతికి ఫోటో ఉంది. బేరారు పోయిన సంగతికి కాగితం మీద సంతకం ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చూస్తే గాని 1902 మనకు అర్థం కాదు.

ఇప్పుడు మూలన నిలబడ్డవాడి దగ్గరికి వద్దాం.

పులి తనంత తాను తుపాకి ముందుకు రాదు. ఎర వేయడానికి దున్నపోతు కావాలి. జాడ తీయడానికి అడవి ఎరిగిన మనిషి కావాలి. డప్పులు కొట్టి, కేకలు వేసి, పొదలు కలియబెట్టి మృగాన్ని తోలడానికి వందలమంది కావాలి. తుపాకి చేతిలో ఉన్నవాడు మంచె మీదనో ఏనుగు మీదనో ఉంటాడు. తోలేవాడు నేల మీద, కర్రతో ఉంటాడు. పులి వెనుదిరిగితే ముందుగా ఎదురుపడేది వాడికే. వేట ముగిశాక తీసిన గుంపు చిత్రాలలో వాళ్ళు కనబడతారు, ఏనుగు కాళ్ళ పక్కన, చెట్టు మొదట్లో, వెలుగు సరిగా పడని చోట. వాళ్ళలో కొందరి ముఖాలు చెరిగినట్టు ఉంటాయి. కదలకుండా నిలబడమని అతిథులకు చెప్పినంత శ్రద్ధగా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు గనుక కాబోలు. చిత్రం కింద దొర పేరు ఉంటుంది, స్థలం ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. తోలినవాడి పేరు ఉండదు.

వాళ్ళకు కూలి ఇచ్చారో, వెట్టికి పట్టుకొచ్చారో ఫోటో చెప్పదు. కానీ ఆ రోజులలో ఈ రాజ్యంలో వెట్టి ఎలా నడిచిందో మనకు తెలుసు. అధికారి ఊళ్ళో దిగితే బండి కట్టేవాడు ఒకడు, కట్టెలు తెచ్చేవాడు ఒకడు, నీళ్ళు మోసేవాడు ఒకడు, కుండలిచ్చేవాడు ఒకడు. ఏ కులానికి ఆ కులపు వంతు. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం తొలి రోజులలో వెలువరించిన చిన్న పుస్తకాలలో వెట్టిచాకిరీ మీద ఒకటి ఉండడం యాదృచ్ఛికం కాదు. మాడపాటి హనుమంతరావు పంతులుగారి వంటివారు ఆ బాధలను కాగితం మీద పెట్టేదాకా, రాచపర్యటనల అసలు ఖర్చు ఎవరు భరించారో చెప్పే మరో రకం ఆల్బము మనకు లేదు. ఆ పుస్తకాలలో ఒక్క బొమ్మ ఉండకపోవచ్చు. దీనదయాళ్ చిత్రాల అంచులలో ఉన్న మనుషులు మాత్రం ఆ పుటలలోనే మాట్లాడతారు.

ఇలా రాసినంత మాత్రాన దీనదయాళ్‌ను నిందించడం నా ఉద్దేశం కాదు. ఆయనను దర్బారు ఛాయాగ్రాహకుడని ఒక్కమాటలో తేల్చివేయడం సులువు, న్యాయం మాత్రం కాదు. ఇంగ్లీషు సంస్థలు ఏలుతున్న వ్యాపారంలో ఒక భారతీయుడు తన పేరును స్టూడియో గుమ్మం మీద రాసుకొని, రాణి బిరుదు దాకా వెళ్ళడం చిన్న సంగతి కాదు. ఎవరు డబ్బిస్తే వాళ్ళ బొమ్మ తీయడం ఆయన వృత్తిధర్మం. 1899-1900 కరువు రోజులలో ఔరంగాబాదు ప్రాంతపు సహాయ శిబిరాల చిత్రాలు కూడా ఆయన సంస్థవే. అవీ ప్రభుత్వం చేసిన మంచిపనుల ఆల్బము కోసం తీసినవే. దానం చేస్తున్నవాడిని చూపడానికి తీసిన ఆ బొమ్మలో దానం పుచ్చుకుంటున్నవాళ్ళ డొక్కలు కూడా పడక తప్పలేదు. ఆల్బము ఎవరి కీర్తికోసం చేయించినా, ఈనాడు మన కళ్ళు నిలిచేది ఆ డొక్కల దగ్గరే.

గాజు పలకకు ఈ గుణం ఉంది. అడిగినదాన్ని మాత్రమే పట్టుకోవడం దానికి చేతకాదు. ఆ కాలపు స్టూడియోలలో ముద్ర తీసేటప్పుడు అంచులను కత్తిరించి, తివాచీ కొసనూ, వెనుక తెర పట్టుకొని నిలుచున్న నౌకరునూ తీసివేసేవారు. పలక మీద మాత్రం వాళ్ళు అలాగే ఉండిపోయేవారు. దీనదయాళ్ కుటుంబం దాచి ఉంచిన 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో ఆయన పేరిట తపాలా బిళ్ళ వచ్చింది. ఆ పలకలు పగలకుండా దాచిన ఇంటివాళ్ళకు మనం ఋణపడి ఉన్నాం. రాజుల ముఖాలకు కొదవ లేదు, అవి అన్నిచోట్లా ఉన్నాయి. మనవాళ్ళ ముఖాలు మాత్రం, ఉంటే గింటే, ఆ అంచులలోనే ఉండాలి.

1906లో వేల్స్ యువరాజు, తరువాతి అయిదవ జార్జి, భార్యతో కలిసి హైదరాబాదు వచ్చి ఫలక్‌నుమాలో విడిది చేసేనాటికి దీనదయాళ్ లేడు. ఆయన కన్నా ఒక ఏడాది ముందే పెద్దకొడుకు ధరమ్‌చంద్ పోయాడు. వ్యాపారం మరో కొడుకు జ్ఞాన్‌చంద్ చేతికి వచ్చింది. అప్పటికే చేతిలో పట్టే చిన్న కెమెరాలు దొరలందరి దగ్గరా ఉన్నాయి. స్టూడియోల వైభవానికి నెమ్మదిగా సంధ్య కమ్ముతోంది.

మొదట వేసుకున్న ప్రశ్నకు వస్తాను. రైలు తాండూరులో ఆగి నీళ్ళు పట్టుకొని ఉండవచ్చు. వికారాబాదులో ఎవరైనా పూలదండతో నిలబడి ఉండవచ్చు. అక్కడ ఫోటో ఎందుకు లేదంటే, అక్కడ ఫోటో కొనేవాడు లేడు. ఇంతకు మించిన కుట్ర ఏదీ ఇందులో లేదు. కానీ ఫలితం ఒకటే. ఆనాటి పూడూరు ఎలా ఉండేదో, మా ఊరి చెరువు కట్ట మీద ఎవరు నిలబడి ఉండేవారో చూపే బొమ్మ నాకు దొరకదు. ఒక ఆస్ట్రియా యువరాజు హైదరాబాదులో ఎలా ఉన్నాడో మాత్రం క్షణంలో దొరుకుతుంది.

2024 అక్టోబరు 15న మా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళపు వి.ఎల్.ఎఫ్. రేడియో కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తిరునెల్వేలి దగ్గరి కట్టబొమ్మన్ కేంద్రం తరువాత దేశంలో అటువంటిది ఇది రెండవది. సుమారు 2,900 ఎకరాల అడవి ఇందుకు వెళ్ళింది. దేశరక్షణకు అవసరమన్నవారున్నారు, చెట్లు పోతాయని బాధపడి అభ్యంతరం చెప్పినవారున్నారు. ఆ వాదం ఇక్కడ తేల్చబోను. మరునాడు పత్రికలలో వచ్చిన బొమ్మలను చూసినప్పుడు నాకు తోచినదొకటి చెబుతాను. వేదిక, పెద్దలు, శిలాఫలకం. దీనదయాళ్ ఆల్బములో స్వాగత తోరణం ఎక్కడుంటుందో ఇక్కడా అక్కడే ఉంది. అయితే ఒక తేడా ఉంది. ఈసారి అంచున నిలబడ్డ ప్రతివాడి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది. అడవిని, రామలింగేశ్వరుడి గుడిని, గుండాన్ని, పశువులను మేపుకునేవాళ్ళను వాళ్ళూ ఫోటోలు తీసుకున్నారు. కొనేవాడు లేకపోయినా బొమ్మ తీయగల కాలం వచ్చింది.

కానీ పేర్లు? అవి ఇప్పటికీ ఎవరూ రాయడం లేదు. ఫోనులో వేల బొమ్మలున్నాయి, యాభయ్యేళ్ళ తరువాత వాటిలోని మనుషులెవరో చెప్పేవాళ్ళుండరు. మా తాత పక్కన నిలబడ్డ నలుగురి గతే వాళ్ళకూ పడుతుంది. ఆ నలుగురి పేర్లు పోవడానికి ఏ నిజామూ, ఏ దొరా కారణం కాదు. మా నాయనమ్మ బతికుండగా అయిదు నిమిషాలు ఆమె దగ్గర కూర్చొని అడగని నేను కారణం.

మిత్రులకు నా మనవి ఇంతే. మీ ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున, అటకల మీద పాత పటాలు ఉంటే, వాటిలోని ముఖాలను గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈ పండుగకు ఊరు వెళ్ళినప్పుడు మెత్తని పెన్సిలుతో వెనుక పేర్లు రాసుకోండి. నడుమ కుర్చీలోని వాడి పేరు ఎలాగూ ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఎడమ చివరి నుంచి మొదలుపెట్టండి.